మాస్టారి సైన్సు పేజీ: అమ్మకానికి కాని చిప్పు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక అబ్బాయి ఇట్లా వ్రాశాడు: "మాస్టారూ, సొంతంగా ఒక కంప్యూటరు అమర్చుకోవాలని నా కోరిక. పెద్ద కంపెనీల సర్వర్లలో వాడే ప్రాసెసరు ఒకటి చాలా చవకగా దొరుకుతున్నది. దాని పేరు పక్కన 'ఈఎస్' అని వ్రాసి ఉన్నది. దాని వేగం మనమే పెంచుకోవచ్చునట కూడా! మా నాన్నగారు, 'మాస్టారిని అడిగి తెలుసుకో, ఆ తరువాత చూద్దాం' అన్నారు. కొనవచ్చునా?"

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. కాని అట్లా చెబితే జవాబు దొరుకుతుందే గాని చదువు రాదు. వేగం అంటే ఏమిటి? దానిని పెంచటం ఎట్లా? ఈఎస్ అంటే ఏమిటి? అది చవకగా ఎందుకు వస్తున్నది? వరుసగా చూద్దాము. జవాబు దానంతట అదే తేలుతుంది.

తాళం వేసే గడియారం

మీ బడిలో డ్రిల్లు చేయించేటప్పుడు మాస్టారు ఈల వేస్తారు గదా! ఒక్కొక్క ఈలకు అందరూ ఒక్కొక్క అడుగు వేస్తారు. కంప్యూటరుకు గుండెకాయ వంటి ప్రాసెసరులో కూడా అట్లాంటి ఈల ఒకటి ఉన్నది. దానినే 'క్లాకు' అంటారు. క్లాకు ఒకసారి కొట్టుకొన్నప్పుడల్లా ప్రాసెసరులోని పని ఒక అడుగు ముందుకు సాగుతుంది.

ఇంటెల్ కంపెనీ 1971లో '4004' అనే ప్రాసెసరును అమ్మకానికి పెట్టింది. అందులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. దాని క్లాకు సెకనుకు 7,40,000 సార్లు కొట్టుకొనేది. ఆ రోజులలో అదే గొప్ప వింత. అదే కంపెనీ 2010లో సర్వర్ల కోసం 'జియాన్ 5600' అనే వరుసను విడుదల చేసింది. వాటిలోని ఆరు కోర్ల చిప్పులో 117 కోట్ల ట్రాన్సిస్టర్లు! ఆ వరుసలో 'ఎక్స్ 5650' అనే ప్రాసెసరు క్లాకు సెకనుకు సుమారు 266 కోట్ల సార్లు కొట్టుకొంటుంది. దానినే 2.66 గిగాహెర్ట్జులు అంటాము. ఒక గిగాహెర్ట్జు అంటే సెకనుకు నూరు కోట్ల దెబ్బలు అన్నమాట.

ఇంత వేగమైన దెబ్బలు ఎక్కడినుంచి వస్తాయి? మదర్‌బోర్డు మీద ఒక మూల గడియారం ఉంటుంది. ఆ 2010 నాటి బోర్డులలో అది సెకనుకు 13 కోట్ల 33 లక్షల దెబ్బలు, అంటే 133.33 మెగాహెర్ట్జులు ఇచ్చేది. ప్రాసెసరు ఆ సంఖ్యను తనలో ఉన్న ఒక గుణకంతో పెంచుకొంటుంది. ఎక్స్ 5650కి ఆ గుణకం 20. ఇప్పుడు గుణించి చూడండి: 133.33 × 20 = 2,666. ఇదే మనం చెప్పుకొన్న 2.66 గిగాహెర్ట్జులు.

గుణకారం తెలిసిన పిల్లవాడికి ఇక్కడే ఒక ఉపాయం తట్టాలి. లబ్ధం పెరగాలంటే రెండే దారులు. మూల గడియారాన్నైనా పెంచాలి, గుణకాన్నైనా పెంచాలి. కంపెనీవారు పెట్టిన వేగం కంటె ఎక్కువ వేగంతో ప్రాసెసరును నడపటాన్నే 'ఓవర్‌క్లాకింగు' అంటారు. ఇందులో మంత్రం ఏమీ లేదు. మూడవ తరగతి లెక్కే!

ఒకే చెట్టు కాయలు

"అంత సులువుగా వేగం పెరిగేటట్లయితే కంపెనీవారే పెంచి అమ్మవచ్చు గదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

ప్రాసెసర్లను ఒక్కొక్కటిగా తయారు చేయరు. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలికాన్ పళ్లెం మీద వందలకొద్దీ పనులు వరుసగా చేసి, అనేక చిప్పులను ఒకేసారి రూపొందించి, తరువాత వాటిని కోసి వేరు చేస్తారు. ఒకే చెట్టున కాసిన మామిడికాయలన్నీ ఒకే తీరుగా ఉంటాయా? ఉండవు. ఒకే పళ్లెం మీద పుట్టిన చిప్పులు కూడా అంతే. కొన్ని ఎక్కువ వేగాన్ని తట్టుకొంటాయి, కొన్ని తక్కువ వేగంతోనే సరిపెట్టుకొంటాయి. తోటలో కాయలను ఏరి గంపలకు ఎత్తినట్లు, కంపెనీవారు ప్రతి చిప్పునూ పరీక్షించి తరగతులుగా విడదీస్తారు. జియాన్ 5600 వరుసలో 2.66 గిగాహెర్ట్జుల ఎక్స్ 5650, 3.33 గిగాహెర్ట్జుల ఎక్స్ 5680 ఒకే నమూనా మీద తయారైనవే.

ఇంకొక సంగతి. కంపెనీవారు ఒక చిప్పు మీద 2.66 అని వ్రాస్తే, అది ఎండాకాలంలోను, దుమ్ము పట్టిన గదిలోను, ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు ఆ వేగంతో తప్పు లేకుండా పని చేస్తుందని హామీ ఇస్తున్నారన్నమాట. అందుచేత కొంత ఎడం ఉంచుకొని మరీ వ్రాస్తారు. పది టన్నుల బండ్లకు అనుమతి ఉన్న వంతెన పదకొండవ టన్ను ఎక్కగానే కూలిపోదు గదా! ఓవర్‌క్లాకింగు చేసేవారు వాడుకొనేది ఈ ఎడాన్నే. అయితే ఆ ఎడాన్ని కంపెనీవారు ఊరికే ఉంచలేదని గుర్తుంచుకోవాలి.

నమూనా ప్రతి

ఇక ఈఎస్ సంగతి. ఈఎస్ అంటే ఇంజనీరింగు శాంపిలు. మన మాటలలో 'పరీక్ష నమూనా'.

కొత్త ప్రాసెసరు బజారులోకి వచ్చేనాటికి దానికి సరిపోయే మదర్‌బోర్డులు సిద్ధంగా ఉండాలి. కంప్యూటరును మేలుకొలిపే బయోస్ అనే ప్రోగ్రాము ఆ ప్రాసెసరును గుర్తుపట్టాలి. ఆపరేటింగు సిస్టము దాని మీద నడవాలి. ఇదంతా ముందుగా జరగాలంటే ప్రాసెసరు ముందుగా చేతిలో ఉండాలి. అందుకని, విడుదలకు నెలల ముందే, ఇంకా తయారీ పూర్తిగా కుదురుకోకముందే, కంపెనీవారు కొన్ని చిప్పులను తమతో కలిసి పని చేసే ఇంజనీర్లకు పరీక్ష నిమిత్తం అరువుగా ఇస్తారు. అవే ఈఎస్‌లు.

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రచురణకర్తలు బడులకు స్పెసిమెన్ కాపీలు పంపుతారు. వాటి మీద 'నమూనా ప్రతి - అమ్మకానికి కాదు' అని ముద్ర ఉంటుంది. పుస్తకం అచ్చుకు పోకముందు తప్పులు దిద్దటానికి ప్రూఫులు తీస్తారు. ఈఎస్ ఈ రెండింటికీ చెందినది. స్పెసిమెన్ కాపీ లాగా అది అమ్మకానికి కాదు. ప్రూఫు లాగా, అందులో తప్పులు ఉంటాయనే అనుమానంతోనే దానిని తీశారు.

ఇంటెల్ వారి పరీక్ష నమూనాల మూత మీద మామూలుగా 'ఇంటెల్ కాన్ఫిడెన్షియల్' అని ఉంటుంది. అంటే 'ఇది ఇంటెల్ వారి రహస్యం' అని. అమ్మకపు చిప్పు మీద ఉండే గుర్తు సంఖ్య ఇంగ్లీషు ఎస్ అక్షరంతో మొదలైతే, నమూనా మీది సంఖ్య క్యూ అక్షరంతో మొదలవుతుంది. సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాము వేసి చూస్తే, ప్రాసెసరు పేరు చివర 'ఈఎస్' అని చూపిస్తుంది.

ఒక ప్రాసెసరు నమూనాలు ఒకే విడతలో రావు. తప్పు కనిపెట్టినకొద్దీ దిద్ది కొత్త విడత తీస్తారు. ఈ విడతలను 'స్టెపింగు' అంటారు. తొలి విడత నమూనాలు అసలు ప్రాసెసరు కంటె తక్కువ వేగంతో నడవవచ్చు. కొన్ని సదుపాయాలు పని చేయకపోవచ్చు. చివరి విడతలు అమ్మకపు చిప్పులకు చాలా దగ్గరగా ఉంటాయి. బయటినుంచి చూస్తే మాత్రం అన్నీ ఒకే రేకు మూతలు!

మరి వేగం మీద మోజు గలవారు వీటి కోసం ఎందుకు వెదుకుతారు? చెబుతాను. మనం చెప్పుకొన్న గుణకానికి అమ్మకపు చిప్పులలో చాలావాటికి తాళం వేసి ఉంటుంది. 1990లలో కొందరు మోసగాళ్లు తక్కువ వేగం చిప్పుల మీది అంకె చెరిపి, ఎక్కువ అంకె వేసి, ఎక్కువ ధరకు అమ్మేవారు. ఆ మోసానికి అడ్డుకట్టగా కూడా ఈ తాళం పనికివచ్చింది. పరీక్ష నమూనాలలో మాత్రం కొన్నింటికి ఈ తాళం ఉండదు. ఏ వేగంతో ఎంతవరకు నడుస్తుందో ఇంజనీర్లు పరీక్షించాలి గదా! 2011 తరువాత వచ్చిన ఇంటెల్ సర్వరు చిప్పులలో మూల గడియారాన్ని ఇతర భాగాల గడియారాలతో కలిపి కట్టేశారు. దానిని నూటికి నాలుగైదు పాళ్లకు మించి పెంచటం కష్టమైంది. దానితో తాళం లేని నమూనాలకు గిరాకీ పెరిగింది.

రెండు ప్రాసెసర్ల యంత్రం

ఇటువంటి యంత్రాలలో పేరుపొందినది ఒకటి చూద్దాము. 2010లో ఈవీజీఏ అనే అమెరికా కంపెనీ 'ఎస్ఆర్-2' అనే మదర్‌బోర్డును తయారు చేసింది. సర్వర్లలో లాగా అందులో రెండు ప్రాసెసర్లు పెట్టవచ్చు. సర్వర్లలో లేనట్లుగా వేగమూ పెంచవచ్చు. 12 మెమొరీ కడ్డీలకు చోటు ఉండేది. ఆ బోర్డు పొడవు 15 అంగుళాలు, వెడల్పు 13.6 అంగుళాలు. మామూలు కంప్యూటరు పెట్టెలో అది పట్టదు!

దానిలో మామూలు ప్రాసెసర్లు రెండు ఎందుకు పెట్టకూడదు? రెండు ప్రాసెసర్లు కలిసి పని చేయాలంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ కాలపు కోర్ ఐ7 ప్రాసెసరుకు అటువంటి దారి ఒక్కటే ఉండేది. బోర్డుతో మాట్లాడటానికే అది సరిపోయేది. జియాన్ 5600కు రెండు దారులు ఉండేవి: ఒకటి బోర్డుకు, ఒకటి తోటి ప్రాసెసరుకు. అందుకే సర్వరు చిప్పులు కావలసివచ్చాయి.

అమర్చే పద్ధతి వినండి. ముందుగా నేల తాకిన ఇనుప వస్తువును ముట్టుకొని, ఒంటిమీది స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. చలికాలంలో నైలాను చొక్కా విప్పితే చిటపటమంటుంది చూడండి, ఆ పాటి నిప్పురవ్వ చాలు, చిప్పును చంపటానికి. ప్రాసెసరును పెట్టే గూడులో 1,366 సన్నని తీగలు పైకి నిలిచి ఉంటాయి. ప్రాసెసరును నిలువుగా దించాలి, జారనివ్వకూడదు. ఒక్క తీగ వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు. దాని మూత మీద కందిగింజంత థర్మల్ పేస్టు పెట్టి, చల్లార్చే లోహపు దిమ్మెను సమంగా బిగించాలి. నాలుగు మరలను ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించరాదు. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకొంటూ రావాలి. సైకిలు చక్రం పుల్లలు బిగించేవారికి ఈ సూత్రం తెలుసు.

తరువాత మొదటి పరీక్ష ఎప్పుడూ మామూలు వేగంతోనే. అది కుదిరిన తరువాతే వేగం మాట.

వేగానికి చెల్లించే ధర

ఇప్పుడు మూల గడియారాన్ని 133 నుంచి 200కు పెంచామనుకోండి. 200 × 20 = 4,000. అంటే 4 గిగాహెర్ట్జులు! ఒకటిన్నర రెట్లు వేగం ఊరికే వచ్చినట్లు ఉన్నది. నిజంగా ఊరికే వచ్చిందా?

ప్రాసెసరులో ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ మధ్య విద్యుత్ సంకేతాలు అనేక ట్రాన్సిస్టర్లను దాటి గమ్యం చేరాలి. 4 గిగాహెర్ట్జుల దగ్గర ఆ వ్యవధి సెకనులో 400 కోట్లవ వంతు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి సైతం అంతసేపట్లో ఏడున్నర సెంటీమీటర్లే పోగలదు. మీ జామెట్రీ పెట్టెలోని 15 సెంటీమీటర్ల స్కేలులో సరిగ్గా సగం! ఈల మరీ వేగంగా వేస్తే డ్రిల్లులో ఎవరో ఒకరు అడుగు తప్పుతారు. అట్లాగే, సంకేతం చేరకముందే మరుసటి దెబ్బ పడితే ప్రాసెసరు పాత అంకెనే తీసుకొంటుంది. లెక్క తప్పుతుంది.

దీనికి విరుగుడుగా వోల్టేజి పెంచుతారు. వోల్టేజి పెరిగితే ట్రాన్సిస్టర్లు చురుకుగా తెరుచుకొని మూసుకొంటాయి. కాని దానికి ధర ఉన్నది. ట్రాన్సిస్టర్లు తెరుచుకొని మూసుకోవటానికి ఖర్చయ్యే విద్యుత్తు, వేగం ఎన్ని రెట్లు పెరిగితే అన్ని రెట్లు పెరుగుతుంది. వోల్టేజి విషయంలో అయితే దాని వర్గం ప్రకారం పెరుగుతుంది.

లెక్క వేద్దాము. వోల్టేజిని 1.20 నుంచి 1.35కు పెంచామనుకోండి. 1.35ను 1.20 చేత భాగిస్తే 1.125. దాని వర్గం సుమారు 1.27. వేగం 1.5 రెట్లు. 1.27 × 1.5 = 1.9. ఎక్స్ 5650కి కంపెనీవారు చెప్పిన హద్దు 95 వాట్లు. 95 × 1.9 = సుమారు 180 వాట్లు. రెండు ప్రాసెసర్లకు కలిపి 360. అంటే 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు 40 ఒకేసారి వెలిగించినంత! ఆ విద్యుత్తంతా చివరకు వేడిగా మారుతుంది. ఆ వేడి పుట్టే చోటు మీ బొటనవేలి గోరు కంటె మరీ పెద్దది కాదు. అందుకే పెద్ద ఫ్యానులు, నీటి గొట్టాలు, బలమైన పవర్ సప్లయి కావలసివస్తాయి. పని ఒకటిన్నర రెట్లు, ఖర్చు దాదాపు రెండు రెట్లు.

ఇంకొక చిక్కు. మూల గడియారం ఒక్క ప్రాసెసరుదే కాదు; మెమొరీ కూడా దానినే నమ్ముకొని ఉన్నది. మెమొరీ గుణకం 10 అయితే, 133 దగ్గర 1,333 రావలసిన చోట 200 దగ్గర 2,000 వస్తుంది. పాపం, మెమొరీ అంత పరుగెత్తలేదు. కాబట్టి దాని గుణకాన్ని 6కు తగ్గించి 1,200 చేయాలి. ఒకరి వేగం పెంచితే పక్కవాడి సంగతి చూడక తప్పదన్నమాట.

మాట్లాడకుండా చేసే తప్పు

వేగం హద్దు మీరితే మూడు విధాల చేటు. ఒకటి, కంప్యూటరు మేలుకోదు. రెండు, పని మధ్యలో కొయ్యబారిపోతుంది. ఈ రెండూ మనకు తెలుస్తాయి. కాబట్టి వాటివల్ల పెద్ద భయం లేదు. మూడవది, యంత్రం చక్కగా నడుస్తూనే తప్పు జవాబు చెబుతుంది. ఇదే అన్నిటిలోకీ ప్రమాదకరం.

వేగం పెంచని, బజారులో అమ్మిన చిప్పులలోనే ఇట్లా జరిగిన సందర్భాలు ఉన్నవి. 1994లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో థామస్ నైస్లీ అనే లెక్కల ఆచార్యుడు ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేస్తున్నాడు. తన పెంటియం కంప్యూటరు ఇచ్చిన జవాబు సరిపోవటం లేదని గమనించాడు. తప్పు తనదా, ప్రోగ్రాముదా, యంత్రానిదా అని నెలల తరబడి పట్టుదలతో పరీక్షించి, చివరకు ప్రాసెసరుదే తప్పని తేల్చాడు. భాగహారం కోసం ప్రాసెసరులో ఒక పట్టిక ఉండేది. అందులో 1,066 గళ్లు నిండాలి. 5 గళ్లు ఖాళీగా ఉండిపోయాయి! ఫలితం చూడండి. 41,95,835ను 31,45,727 చేత భాగిస్తే 1.33382 రావాలి. పెంటియం 1.33374 అని చెప్పేది. ఆ జవాబును తిరిగి 31,45,727 చేత గుణించి మొదటి సంఖ్యలోనుంచి తీసివేస్తే సున్న మిగలాలి. దానికి 256 మిగిలేది! తప్పుడు చిప్పులను మార్చి ఇవ్వటానికి ఇంటెల్ కంపెనీ 47 కోట్ల 50 లక్షల డాలర్లు లెక్క కట్టి పక్కన పెట్టవలసివచ్చింది.

2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ఇటువంటిదే మరొకటి లోకానికి తెలియజేశారు. వారి వేల వేల సర్వర్లలో ఒక ప్రాసెసరులోని ఒకే ఒక కోరు, 1.1ని 53 సార్లు వేసి గుణించమంటే 156 అని చెప్పవలసింది పోయి సున్న అని చెప్పేది. ఆ లెక్క ఒక ఫైలు పరిమాణం కోసం చేసినది. పరిమాణం సున్న అనగానే, 'ఈ ఫైలులో ఏమీ లేదు' అనుకొని యంత్రం దానిని వదిలేసేది. ఎవరి ఫైళ్లో మాయమయ్యేవి. యంత్రం మాత్రం ఏమీ ఎరగనట్లు నడుస్తూనే ఉండేది!

కంపెనీవారు పరీక్షించి, హామీ ఇచ్చి అమ్మిన చిప్పుల సంగతే ఇట్లా ఉంటే, పరీక్ష పూర్తి కాని నమూనా తీసుకొని, దాని మీద వేగం కూడా పెంచితే ఆ జవాబును ఎంతవరకు నమ్మాలి?

అందుచేత ఓవర్‌క్లాకింగు తెలిసినవారు వేగం పెంచగానే పండగ చేసుకోరు. జవాబు ముందే తెలిసిన పెద్ద లెక్కలను గంటల తరబడి చేయించి చూస్తారు. దీనికి పేరుపొందిన ప్రోగ్రాము 'ప్రైమ్95'. 1996లో జార్జి వోల్ట్‌మన్ అనే ఆయన ప్రారంభించిన ప్రధాన సంఖ్యల వేటలో భాగంగా ఇది పుట్టింది. 2ను 7 సార్లు వేసి గుణిస్తే 128. ఒకటి తీసివేస్తే 127, అది ప్రధాన సంఖ్య. ఈ తీరు సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. ఈ వేటగాళ్లు 2024లో ప్రకటించిన సంఖ్యలో 4,10,24,320 అంకెలు ఉన్నవి! ఒక్క అంకె తప్పినా ఇటువంటి లెక్కంతా పాడవుతుంది. కాబట్టి తప్పు చేసే ప్రాసెసరు ఇక్కడ ఇట్టే దొరికిపోతుంది. ఇంటెల్ వారి ఆరవ తరం ప్రాసెసర్లలో ఒక లోపం 2016లో బయటపడింది ఈ ప్రోగ్రాము నడిపినవారి వల్లనే. కుమ్మరివాని దగ్గర కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలితో మోగించి చూస్తారే, అటువంటి పరీక్ష ఇది.

కొనవచ్చునా?

ఇప్పుడు జవాబు మీకే తట్టి ఉంటుంది. ఈఎస్ కొనకూడదు. కారణాలు రెండు.

మొదటిది, అది అమ్మేవాడి సొత్తు కాదు. పరీక్ష నమూనాలు తమ ఆస్తేనని, అరువుగా ఇచ్చినవేనని, అమ్మకానికి కావని ఇంటెల్ కంపెనీ స్పష్టంగా చెబుతున్నది. అరువు తెచ్చుకొన్న వస్తువును అమ్ముకొనే హక్కు ఎవరికీ లేదు. అమ్మే హక్కు లేనివాడి దగ్గర కొన్నవాడికి హక్కు ఎక్కడినుంచి వస్తుంది? 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్నారు మన పెద్దలు. బడికి వచ్చిన నమూనా ప్రతిని ఎవరైనా పాత పుస్తకాల దుకాణంలో అమ్మితే మీరు మెచ్చుకొంటారా?

రెండవది, అది చెడితే అడిగే దిక్కు లేదు. దానికి గ్యారంటీ ఉండదు. బయోస్‌ను కొత్తది చేసుకొంటే, అది ఆ నమూనాను గుర్తుపట్టకపోవచ్చు. ఏ విడతలో ఏ తప్పు మిగిలి ఉన్నదో కొన్నవాడికి తెలియదు. చవకగా వచ్చిందంటే, ఆ తగ్గిన ధర ఎక్కడో ఒక చోట మనమే చెల్లిస్తామని అర్థం.

అయితే మీరు నిరాశపడవద్దు. సర్వరు చిప్పులన్నీ ఈఎస్‌లు కావు. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడిన సర్వర్లను తీసివేసి కొత్తవి పెట్టుకొంటాయి. వాటిలోని అసలు చిప్పులు, అనగా ఎస్ అక్షరం గుర్తు గలవి, పాత సామానుగా న్యాయంగానే బజారుకు వస్తాయి. అటువంటివి బిల్లు తీసుకొని కొనవచ్చు. ముందుగా బోర్డు ఏ ప్రాసెసరుకు సరిపోతుందో తయారీదారు పట్టికలో చూచుకోవాలి.

వేగం పెంచటం తప్పు పని కాదు. తన సొంత యంత్రం మీద, తెలిసి, కొలిచి, పరీక్షించి చేస్తే అది మంచి ప్రయోగం. కాని అట్లా వేగం పెంచిన యంత్రం మీద ఇతరులు ఆధారపడే పని, జమాఖర్చు గాని, పరీక్ష మార్కులు గాని చేయకూడదు. ఆటలో అడుగు తప్పితే నవ్వి ఊరుకోవచ్చు. మార్కుల జాబితాలో తప్పితే ఒక పిల్లవాడి ఏడాది పోతుంది.

తొలి పాఠానికి వేగం పెంచనక్కరలేదు కూడా. ఇంట్లో పాత కంప్యూటరు ఉంటే, పెద్దలను దగ్గర పెట్టుకొని, దాని వేగాన్ని తగ్గించి చూడండి. ఒకే పెద్ద లెక్కకు ఎంతసేపు పట్టింది, చిప్పు వేడి ఎన్ని డిగ్రీలు తగ్గింది, నోటుపుస్తకంలో పట్టిక గీసి వ్రాయండి. వేగాన్ని తగ్గించి నేర్చినవాడికి పెంచటం తెలియకుండా పోదు. చిప్పూ కాలదు, నాన్నగారి డబ్బూ పోదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఇటువంటి కోరిక కోరితే కసరవద్దు. కంప్యూటరు విప్పి చూడాలనే కుతూహలం, రేడియో విప్పి చూడాలన్న నాటి పిల్లల కుతూహలం ఒకటే. డబ్బు ఇచ్చే ముందు 'ఇది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిది, చెడితే ఎవరు బాధ్యులు?' అన్న మూడు ప్రశ్నలకు వారి చేతనే జవాబులు వ్రాయించండి. ఆ ఉత్తరం వ్రాసిన అబ్బాయి నాన్నగారు చేసిన పని అదే. అటువంటి తండ్రి ఉన్న పిల్లవాడు అదృష్టవంతుడు.

లెక్క చేసి చూడండి

1. ఒక ప్రాసెసరు గుణకం 25, మూల గడియారం 133.33 మెగాహెర్ట్జులు. వేగం ఎంత? మూల గడియారాన్ని 160 చేస్తే వేగం ఎంత?

2. ఒక చిప్పుకు 100 వాట్లు కావాలి. వేగాన్ని 1.2 రెట్లు, వోల్టేజిని 1.1 రెట్లు పెంచితే ఎన్ని వాట్లు కావాలి? వోల్టేజిని వర్గం చేయటం మరచిపోకండి.

3. 2ను 11 సార్లు వేసి గుణించి, ఒకటి తీసివేయండి. వచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా, కాదా? తొందరపడి చెప్పకండి. భాగించి చూచి మరీ చెప్పండి.

జవాబులు వచ్చే నెల. ఈలోగా మీ జవాబులను ఒకటికి రెండుసార్లు సరిచూచుకొని పంపండి. ముందుగా వచ్చిన ఉత్తరం కంటె సరిగా వచ్చిన ఉత్తరమే నాకు ఇష్టం.